జాస్పియన్‌కు పోర్చుగీసు నేర్పినవాళ్లు: ఒక డబ్బింగ్ రచయిత కేస్ స్టడీ

1985 మార్చి నుంచి 1986 మార్చి వరకు జపాన్‌లో టీవీ అసాహి ఛానెల్ 46 భాగాలుగా ప్రసారం చేసిన సైన్స్ ఫిక్షన్ ధారావాహిక ‘జాస్పియన్’. తోయె సంస్థ ఏటా ఒకటి చొప్పున తీస్తున్న లోహకవచ వీరుల వరుసలో అది నాలుగోది. జపాన్ పిల్లలు చూశారు, బొమ్మలు కొనుక్కున్నారు, ఏడాది తిరిగేసరికి ఐదో వీరుడు వచ్చాడు. అలాంటి ధారావాహికల ఆయుష్షు మామూలుగా అంతే. కానీ 1988 ఫిబ్రవరి 22న బ్రెజిల్‌లో మాంషెచి ఛానెల్ దాన్ని ‘ఓ ఫంటాస్టికు జాస్పియన్’ పేరుతో పోర్చుగీసులో మొదలుపెట్టింది. ఆ తర్వాత జాస్పియన్ ఒక తరం బ్రెజిల్ పిల్లల బాల్యానికి గుర్తుగా నిలిచిపోయాడు. మూడు దశాబ్దాలు దాటాక కూడా అక్కడ కొత్తగా ప్రసారమవుతున్నాడు, కొత్తగా రాయబడుతున్నాడు.

నేను తెలుగులోకి డబ్బింగ్ మాటలు రాస్తాను. పిల్లల ధారావాహికలు, యాక్షన్ సినిమాలు నా రోజువారీ పని. మా రంగంలో బయటి భాష ధారావాహిక ఒకటి ఆడకపోతే నింద మాటల మీద పడుతుంది, ఆడితే ఘనత ఛానెల్‌కు పోతుంది. జాస్పియన్ బ్రెజిల్ ప్రయాణాన్ని నేను వివరంగా చదువుకున్నది ఈ లెక్క ఎంతవరకు నిజమో చూసుకోవడానికే. నాకు అర్థమైనది ఇది: జాస్పియన్‌ను పోర్చుగీసు పిల్లల దాకా చేర్చింది ఛానెల్ కాదు. తోయెకూ ఛానెల్‌కూ మధ్య నిలబడి, రెండు సమాజాలనూ లోపలినుంచి తెలిసి, ఆ ధారావాహిక భారమంతా నెత్తిన వేసుకున్న ఒక చిన్న వ్యాపారి. అతని వెనక ఆ పనిని చిన్నచూపు చూడని ఒక డబ్బింగ్ స్టూడియో. మిగతా అన్నీ ఈ రెండింటికీ కలిసొచ్చిన పరిస్థితులు.

కథ, కాస్త

తెలుగు పాఠకుల్లో చాలామందికి జాస్పియన్ పరిచయం ఉండదు కాబట్టి కొంచెం చెప్పాలి. అంతరిక్ష నౌక కూలి తల్లిదండ్రులు చనిపోగా, ఒంటరిగా మిగిలిన పసివాణ్ని ఎడిన్ అనే వృద్ధ జ్ఞాని పెంచుతాడు. సేటన్ గాస్ అనే దుష్టశక్తి విశ్వంలోని మహాకాయ మృగాలను పిచ్చెక్కించి ఊళ్లమీదికి ఉసిగొల్పుతుంటాడు. అతణ్ని ఆపే పని ఎడిన్ ఈ కుర్రవాడికి అప్పగిస్తాడు. తోడుగా అన్రి అనే యంత్రకన్య, ప్రయాణానికి డైలియోన్ అనే నౌక. యుద్ధం వచ్చినప్పుడు ఆ నౌకే నిలువెత్తు లోహవీరుడిగా మారుతుంది. రచనలో ముఖ్యుడు షోజో ఉయెహారా. జపాన్‌లో ఈ తరహా కథల్లో తలపండిన రచయిత. ఏ భాగానికా భాగం ఒక మృగం, ఒక పోరాటం ఉన్నా, అడుగున ఒక జోస్యం నెమ్మదిగా విప్పుకుంటూ చివరిదాకా నడుస్తుంది. అంటే మొదటి భాగం చూసినవాడికి ఆఖరి భాగం చూడవలసిన అవసరం ఉంటుంది. ఈ ఒక్క గుణం తర్వాత చాలా పని చేసింది.

ఖాళీగా ఉన్న గంటలు

బ్రెజిల్‌లో టీవీ టుపి అనే పాత సంస్థ 1980లో మూతపడింది. దాని లైసెన్సులను ప్రభుత్వం రెండు కొత్త సంస్థలకు పంచింది. ఒకటి టీవీ వ్యాఖ్యాత సిల్వియో సాంతోస్‌కు దక్కింది. రెండోది పత్రికల అధిపతి అడోల్ఫో బ్లోక్‌కు దక్కింది. యుక్రెయిన్‌లో పుట్టి చిన్ననాట కుటుంబంతో బ్రెజిల్ చేరిన బ్లోక్, తన వారపత్రిక పేరునే పెట్టి 1983 జూన్‌లో మాంషెచి ఛానెల్ ప్రారంభించారు. ఆ ఛానెల్ పిల్లల కార్యక్రమానికి మొదటి వ్యాఖ్యాత షూషా. 1986లో ఆమెను గ్లోబో ఛానెల్ తీసుకుపోయింది. గ్లోబోలో షూషా ఉదయపు కార్యక్రమం దేశాన్నంతా పట్టేసింది. అందులో వచ్చే కార్టూన్లు హీ-మాన్, షీ-రా, థండర్‌క్యాట్స్ లాంటి అమెరికన్ సరుకు.

మాంషెచి తన పిల్లల కార్యక్రమాన్ని అంజెలికా అనే అమ్మాయికి అప్పగించింది. 1988 ఫిబ్రవరిలో ఆమె వయసు 14. చూసే పిల్లలకు అక్క వయసు. వ్యాఖ్యాత దొరికింది కానీ ఆమె పక్కన ప్రసారం చేయడానికి సరుకు కావాలి. అమెరికన్ కార్టూన్లలో పేరున్నవి గ్లోబో చేతిలో ఉన్నాయి. పైగా అప్పుడు బ్రెజిల్‌లో ధరలు నెలనెలా రెండంకెల శాతాల్లో పెరుగుతున్నాయి. డాలర్లు పోసి కొత్త ధారావాహికలు కొనే కాలం కాదది. ఛానెల్ వైపునుంచి చూస్తే విషయం ఇంతే: గంటలు ఖాళీగా ఉన్నాయి, పోటీదారుడి దగ్గర లేనిది ఏదైనా కావాలి, ఖర్చు తక్కువలో కావాలి. మూడేళ్ల పాత జపాన్ ధారావాహిక సరిగ్గా ఆ ఖాళీలో కూర్చుంది. ఈ భాగం గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు. ఇలాంటి ఖాళీలు ప్రతి ఛానెల్‌లోనూ ఎప్పుడూ ఉంటాయి. వాటిలోకి ఏది వస్తుందన్నది మరొకరు నిర్ణయిస్తారు.

వీడియో దుకాణం నుంచి

ఆ మరొకరు తోషిహికో ఎగాషిరా. సావో పాలోలో ఎవరెస్ట్ వీడియో అనే సంస్థ ఆయనది.

దీని వెనక 80 ఏళ్ల చరిత్ర ఉంది. 1908 జూన్ 18న కసాతో మారు అనే ఓడ 781 మంది జపాన్ వలసదారులతో సాంతోస్ రేవుకు చేరింది. వాళ్లు కాఫీ తోటల్లో కూలికి వచ్చారు. ఆ తర్వాతి తరాలు సావో పాలో నగరానికి చేరాయి. 1980ల నాటికి బ్రెజిల్‌లో జపాన్ సంతతి పది లక్షలకు పైగా ఉండేది. జపాన్ వెలుపల అంత పెద్ద జపాన్ సమాజం ప్రపంచంలో మరెక్కడా లేదు. సావో పాలోలోని లిబెర్దాజి పేటలో వాళ్ల దుకాణాలు, భోజనశాలలు, పత్రికలు ఉండేవి. వీడియో ప్లేయర్లు వచ్చాక జపాన్ టీవీ కార్యక్రమాలు నింపిన టేపుల అద్దె దుకాణాలు కూడా పుట్టాయి. పెద్దలు పాటల పోటీలు, చారిత్రక నాటకాలు అద్దెకు తీసుకునేవారు. పిల్లలు రంగురంగుల కవచాల వీరులున్న టేపులు అడిగేవారు.

మా పనికి సంబంధించినంతవరకు ఈ కేసులో అసలు కీలకం ఇక్కడే ఉందని నేను అనుకుంటున్నాను. ఛానెల్ దగ్గర సర్వేలు ఉంటాయి, ప్రకటనదారుల అభిప్రాయాలు ఉంటాయి. టేపు అద్దెకిచ్చేవాడి దగ్గర అంతకంటే మంచి సాక్ష్యం ఉంటుంది: ఏ టేపు అరిగిపోయిందో, దేనికోసం పిల్లవాడు మళ్లీ వచ్చాడో. ఆ పిల్లలు ఇంట్లో జపనీస్ వింటున్నా బళ్లో పోర్చుగీసు మాట్లాడేవాళ్లు. వాళ్ల స్నేహితులు ఇటలీ, పోర్చుగల్, ఆఫ్రికా మూలాలవాళ్లు. జపాన్ పేటలో ఆడింది పేట దాటి ఆడుతుందా అన్న ప్రశ్నకు జవాబు ఆ పిల్లల్లోనే సగం దొరికేది.

ఎగాషిరా తోయె దగ్గర హక్కులు తీసుకున్నారు. ‘జాస్పియన్’తో పాటు, అదే 1985లో జపాన్‌లో మొదలై 55 భాగాలు నడిచిన ఐదుగురు వీరుల జట్టు కథ ‘చేంజ్‌మాన్’ కూడా. వాటిని పోర్చుగీసులోకి డబ్ చేయించి వీడియో క్యాసెట్లుగా తెచ్చారు, ఆ తర్వాత టీవీకి చేర్చారు. డబ్బింగ్ ఖర్చు ముందే పెట్టేసిన సరుకు ఛానెల్ గుమ్మానికి వచ్చింది. మన దగ్గర సాధారణంగా జరిగే వరుస దీనికి తలకిందులు. ఛానెల్ కొంటుంది, గడువు తేదీ చెబుతుంది, ఆ తేదీకి భాగాలు అందేలా మాటలు రాయమంటుంది. నాణ్యతను నిర్ణయించేది ఆ గడువే. ఎగాషిరాకు ప్రసార తేదీ కంటే క్యాసెట్ కొన్నవాడి మెప్పు ముఖ్యం. డబ్బులు పెట్టి కొన్న క్యాసెట్లో మాట చెడితే తిట్టేది నేరుగా ఆయన్నే.

నేల అప్పటికే దున్ని ఉంది

బ్రెజిల్‌కు జపాన్ వీరులు కొత్త కాదు. 1960లో తోయె తీసిన నలుపు తెలుపు ధారావాహిక ‘నేషనల్ కిడ్’ 1964లో అక్కడి రికార్డ్ టీవీలో వచ్చి పిల్లలను ఊపేసింది. అది నేషనల్ అనే విద్యుత్ పరికరాల బ్రాండు ప్రచారం కోసం పుట్టిన వీరుడి కథ. 1970లలో ‘అల్ట్రామాన్’, ఆ తర్వాత సిల్వియో సాంతోస్ ఛానెల్‌లో ‘స్పెక్ట్రమాన్’ వచ్చాయి. అంటే 1964లో నేషనల్ కిడ్ కోసం బడి నుంచి పరుగెత్తుకొచ్చిన పదేళ్లవాడు 1988 నాటికి తండ్రి. కొడుకు జాస్పియన్ పెట్టుకుంటే టీవీ కట్టేయడు, పక్కన కూర్చుంటాడు. కొత్త ధారావాహికకు పిల్లల కంటే ముందు పెద్దల అనుమతి కావాలి. ఇక్కడ ఆ అనుమతి పాతికేళ్ల కిందటే దొరికింది.

ఇంకో నేల కూడా సిద్ధంగా ఉంది: డబ్బింగ్ అలవాటు. పోర్చుగీసు మాట్లాడే ప్రపంచం ఒక్కటి కాదు. పోర్చుగల్‌లో విదేశీ నటులున్న కార్యక్రమాలకు కింద అక్షరాలు వేసి చూపడం సంప్రదాయం. బ్రెజిల్ 1960ల నుంచి దానికి భిన్నంగా నడిచింది. సావో పాలోలోని ఎ.ఐ.సి. స్టూడియో ఆ దశాబ్దంలో అమెరికన్ ధారావాహికలను వరుసగా పోర్చుగీసులోకి మార్చింది. పెద్దల్లో ఐదో వంతు మందికి చదువు రాని దేశంలో, పైగా ఆరేడేళ్ల పిల్లలకు, తెరమీది అక్షరాలు పనికిరావు. జాస్పియన్ వచ్చేసరికి బ్రెజిల్ డబ్బింగ్ రంగానికి పాతికేళ్ల చేతి నైపుణ్యం ఉంది.

డబ్బింగ్ గది

జాస్పియన్, చేంజ్‌మాన్ రెండింటినీ సావో పాలోలోని ఆలమో స్టూడియో డబ్ చేసింది. 1972లో మైకేల్ స్టోల్ అనే ఆంగ్లేయుడు స్థాపించిన స్టూడియో అది. డబ్బింగ్ దర్శకుడు లీబెరో మిగెల్. జాస్పియన్‌కు గొంతు ఇచ్చింది కార్లోస్ తకేషి అనే నటుడు. ఆయన జపాన్ సంతతి బ్రెజిలియన్, తర్వాతి కాలంలో గ్లోబో ధారావాహికల్లో తెరమీద కూడా కనిపించారు. తెరమీద జపాన్ నటుడు హికారు కురోసాకి ముఖం, వినపడేది తకేషి గొంతు. ఆ గొంతులో విదేశీ యాస లేదు. సావో పాలో కుర్రవాడి పోర్చుగీసు అది. జపాన్ వీరుడంటే ముక్కుతో, వింత ఉచ్చారణతో మాట్లాడించాలనే చౌకబారు ఆలోచనకు వాళ్లు పోలేదు. ఈ నిర్ణయానికి నేను చాలా విలువ ఇస్తాను. పరాయివాణ్ని పరాయివాడిగా వినిపిస్తే పిల్లలు నవ్వుతారు. తమలాగే మాట్లాడితే అతని వెంట నడుస్తారు.

ఇక పని మెలకువల్లోకి వెళితే, ఈ తరహా ధారావాహిక డబ్బింగ్‌కు సహజంగానే అనుకూలం. దానికి మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, ముసుగు. వీరుడు కవచం తొడిగాక పెదవులు కనిపించవు. మృగాలకు మనిషి పెదవులు లేవు. సేటన్ గాస్ ముఖం లోహంలా బిగుసుకుని ఉంటుంది. ప్రతి భాగంలో గణనీయమైన సమయం మాటల రచయితకు పెదవుల కదలిక అనే సంకెల ఉండదు. షాట్ ఎంత పొడవు ఉంటే అంత పొడవు మాట రాసుకోవచ్చు. మా పనిలో ఇది పెద్ద వరం. ముఖం దగ్గరగా చూపే ప్రేమ సన్నివేశంలో ఒక పవర్గపు అక్షరం తప్పు చోట పడితే తెరమీద మూసుకున్న పెదవులు వెక్కిరిస్తాయి.

రెండోది, ఆ కాలంలో తోయె ఈ ధారావాహికలను తీసే పద్ధతి. 16 ఎంఎం ఫిల్ము మీద చిత్రీకరణ, సెట్లో మాటల రికార్డింగ్ లేదు. నటులే తర్వాత స్టూడియోకు వచ్చి మాటలు చెప్పేవారు. కవచంలో ఉండి పోరాడేది వేరే నటుడు, గొంతు కథానాయకుడిది. అంటే జపనీస్ మూలంలోనే గొంతు, శరీరం విడివిడిగా ఉన్నాయి. అలాంటి బొమ్మ మీద పోర్చుగీసు గొంతు వేస్తే చెవికి అతుకు తెలియదు. సెట్లో ధ్వని పట్టిన ధారావాహికను డబ్ చేసినప్పుడు గది ప్రతిధ్వని, అడుగుల చప్పుడు పోయి మాట గాలిలో తేలుతుంది. మద్రాసు స్టూడియోల కాలం నుంచి మన సినిమాల్లో కూడా మాటలు తర్వాతే చెప్పించడం అలవాటు కాబట్టి, తెలుగు ప్రేక్షకుడికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

మూడోది, భాషల స్వభావం. జపనీస్ మాటలు అచ్చులతోగాని అనునాసికంతోగాని ముగుస్తాయి. బ్రెజిల్ పోర్చుగీసు కూడా నోరు తెరిచి ముగిసే భాష. హల్లుతో ముగిసే విదేశీ మాట దొరికితే చివర ఒక ‘ఇ’ చేర్చి పలుకుతారు. కాబట్టి వాక్యం చివర నటుడి నోరు తెరిచి ఉంటే పోర్చుగీసు మాట కూడా అక్కడ తెరిచే ముగుస్తుంది. అజంత భాష అయిన తెలుగుకూ ఇదే సౌలభ్యం ఉంది. జపాన్ బొమ్మలకు తెలుగు రాసినప్పుడు ఇంగ్లీషు బొమ్మలకు రాసినప్పటి కంటే నా చేయి సులువుగా సాగడం నేను ఎప్పుడూ గమనిస్తాను.

బ్రెజిల్ స్టూడియోల్లో ఫిల్మును దాదాపు 20 సెకన్ల ముక్కలుగా విడగొట్టి ఒక్కొక్కటి రికార్డు చేసేవారు. ఆ ముక్కను వాళ్లు ఉంగరం అంటారు. పారితోషికం కూడా ఉంగరాల లెక్కన ఇవ్వడం అక్కడ ఆనవాయితీ. మన దగ్గర దాన్నే లూప్ అన్నాం. ఈ పద్ధతికి ఒక గుణం ఉంది: నటుడు ఒక్కో ముక్క మీద నిలబడతాడు. 20 సెకన్లలో ఒక అరుపు ఉంటే ఆ అరుపే ఆ గంట పని.

ఆ అరుపుల్లో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. నౌక లోహవీరుడిగా మారే క్షణంలో వినిపించే పిలుపు: ‘జిగాంచి గెహేరు డైలియోన్!’ మహాకాయ యోధుడు డైలియోన్ అని. మూడు మాటలు, మూడూ మధ్యలో బరువెక్కి చివర తేలికపడతాయి. మొదటి రెండింటినీ ఒక ఊపిరిలో అనేసి మూడోదాన్ని ఛాతీ నిండా పలకవచ్చు. ఇంటి ముందు వీధిలో దుప్పటి భుజాన కట్టుకున్న ఎనిమిదేళ్లవాడు దాన్ని గొంతు పగలకుండా అరవగలడు. అది యాదృచ్ఛికంగా కుదిరిందని నేను అనుకోను. నోటితో అని చూసుకున్న మనిషి రాసిన మాట అది. పిల్లల ధారావాహికకు మాట రాసేటప్పుడు నటుడు చెప్పగలడా అని చూస్తే సరిపోదు. పిల్లవాడు తిరిగి చెప్పగలడా అని కూడా చూడాలి.

ఈ పిలుపులు ప్రతి భాగంలో వస్తాయి. కవచం తొడిగే దృశ్యం, నౌక మారే దృశ్యం, ఆఖరి ఖడ్గప్రహారం అన్నీ ఒకసారి తీసి ప్రతిసారీ వాడుకున్నవే. ఇక్కడ డబ్బింగ్ దర్శకుడికి క్రమశిక్షణ కావాలి. మొదటి భాగంలో ఒక మాట, పదో భాగంలో మరో మాట పెడితే పిల్లలు వెంటనే పట్టుకుంటారు. ధారావాహిక మధ్యలో మాటల రచయితను మార్చే నిర్మాతలు దీన్ని లెక్కచేయరు. నాకది బాధగా ఉంటుంది.

మరి ఏది మార్చలేదో కూడా చూడాలి. ఆరంభ గీతం జపనీస్‌లోనే ఉంచారు. అయ్ తకానో పాడిన ఆ పాటను బ్రెజిల్ పిల్లలు అర్థం తెలియకుండా, అక్షరం వెంట అక్షరం నోటికి పట్టేశారు. కథ జరిగేది జపాన్ వీధుల్లో అన్న సంగతిని దాచలేదు. దుకాణాల బోర్డులు, బడి దుస్తులు, భోజనం అన్నీ అలాగే ఉన్నాయి. మరో ప్రతినాయకుడి పేరు మాత్రం జపాన్‌లో మాడ్ గాలన్, బ్రెజిల్‌లో మెక్‌గారెన్ అయ్యింది. మాటను పూర్తిగా తమది చేసుకుని, బొమ్మను పూర్తిగా వాళ్లదిగా వదిలేయడం ఆలమో పద్ధతి. నేను నేర్చుకోదలచిన సమతూకం ఇదే. మన దగ్గర చాలాసార్లు దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది: పాత్రల పేర్లు, ఊళ్ల పేర్లు తెలుగు చేస్తాం, వాక్యం మాత్రం హిందీలోనో ఇంగ్లీషులోనో నడుస్తుంది.

ఇంకొకటి. బ్రెజిల్‌లో డబ్ చేసిన కార్యక్రమం మొదట్లో ‘బ్రెజిల్ రూపం’ అని ప్రకటించి స్టూడియో పేరు చదివే సంప్రదాయం ఉంది. ఆలమో పేరు ఆ దేశపు పిల్లలకు వీరుల పేర్లలాగే తెలుసు. డబ్బింగ్ ఒక చేతిపని అనీ, దానికి చేసినవాళ్లు ఉంటారనీ ఆ ప్రకటన రోజూ చెప్పింది. డబ్బింగ్ నటుల కోసం అభిమానులు సభలు పెట్టుకునే సంస్కృతి ఆ దేశంలో పెరగడానికి ఈ అలవాటు తోడ్పడిందని నా నమ్మకం.

వారం వారం పోయి రోజూ వచ్చింది

జపాన్‌లో వారానికొకటి వచ్చిన కథ బ్రెజిల్‌లో రోజువారీ అయ్యింది. ఏడాది పొడవునా సాగాల్సిన 46 భాగాలు వారానికి ఐదు చొప్పున లెక్కేస్తే తొమ్మిది వారాల సరుకు. అయిపోగానే మళ్లీ మొదటి నుంచి. ఖర్చు లేకుండా సమయం నింపడానికి ఛానెల్ చేసిన పని ఇది. కానీ ఫలితం వేరుగా వచ్చింది. మొదటిసారి తప్పిపోయినవాడికి రెండోసారి ఆరంభం దొరికింది. జోస్యం ఎటు పోతుందో తెలిసినవాడు తెలియనివాడికి బడిలో చెప్పాడు. ఉయెహారా కథ అడుగున దాచిన ఆ నెమ్మదైన సూత్రం ఇక్కడ కలిసొచ్చింది. పునఃప్రసారంలో చచ్చిపోని కథ కావాలంటే మలుపుల కంటే దారం ముఖ్యం.

క్యాసెట్లు, బొమ్మలు, పాటల రికార్డులు, స్టిక్కర్ల పుస్తకాలు వరుసగా వచ్చాయి. బొమ్మలు గ్లాస్‌లైట్ అనే బ్రెజిల్ సంస్థ చేసింది. బ్రెజిల్ చిత్రకారులు కొత్త కామిక్స్ గీశారు. సర్కస్ డేరాల్లో జాస్పియన్, చేంజ్‌మాన్ వేషాలతో పోరాటాలు ప్రదర్శించారు. టీవీ స్పష్టంగా అందని చిన్న ఊళ్లకు కూడా డేరా వెళుతుంది. హక్కుదారుడు ఒక్కడే అయినప్పుడు క్యాసెట్, బొమ్మ, డేరా ఒకదాన్నొకటి మోస్తాయి. ఛానెల్ కొని ఉంటే ఛానెల్‌కు ప్రసారమే మిగిలేది.

పొంగు, తరుగు

గెలిచిన దారిలో అందరూ పరుగెత్తారు. మాంషెచిలోనే 1989లో ‘ఫ్లాష్‌మాన్’, ‘జిరాయియా’ వచ్చాయి, తర్వాత ‘జిబాన్’, ‘బ్లాక్ కామెన్ రైడర్’. నెల్సన్ సాటో నడిపే సాటో కంపెనీ తోహో సంస్థ తీసిన ‘సైబర్‌కాప్’ తెచ్చింది. బాండెయిరాంటెస్ ఛానెల్ ‘గాగుల్ ఫైవ్’, ‘షారివన్’, ‘మెషీన్‌మాన్’ తెచ్చింది. జపాన్‌లో జాస్పియన్ తర్వాత వచ్చిన ‘స్పీల్‌బన్’ను కథలో ఏ సంబంధమూ లేకపోయినా ‘జాస్పియన్ 2’ అని ప్రచారం చేశారు. అందులో కథానాయకుడు హిరోషి వతారి. అసలు జాస్పియన్‌లో బూమర్‌మాన్‌గా కనిపించింది కూడా ఆయనే. పిల్లలు ఆ ముఖాన్ని గుర్తుపట్టరని ఎవరు అనుకున్నారో కానీ, అది పిల్లల జ్ఞాపకశక్తికి జరిగిన అవమానం.

వచ్చిన క్రమం కూడా తారుమారైంది. 1983లో మొదలైన ‘షారివన్’ లాంటి ముందు తరం వీరులు, జాస్పియన్‌కు దారి వేసినవాళ్లు, బ్రెజిల్‌కు అతని తర్వాత చేరారు. తొలివాడు మలివాడి నకలుగా కనిపించాడు. విడుదల క్రమాన్ని ఎవరూ పట్టించుకోని చోట మంచి ధారావాహికలు కూడా ఇలా నష్టపోతాయి. మూడు నాలుగేళ్లలో సమయమంతా కవచాలతో నిండిపోయి, ఏ ఒక్కరికీ తొమ్మిది వారాలు నిలబడి ఊపిరి పీల్చుకునే చోటు లేకుండా పోయింది.

అదే సమయంలో అమెరికాలో సబాన్ సంస్థ మరో పద్ధతి పట్టుకుంది. తోయె తీసిన ముసుగు పోరాటాలను ఉంచుకుని, ముసుగు తీసిన ముఖాల దృశ్యాలన్నీ అమెరికన్ నటులతో కొత్తగా తీసి, 1993లో ‘పవర్ రేంజర్స్’ విడుదల చేసింది. బ్రెజిల్‌లో అది గ్లోబోలో వచ్చింది. వెనువెంటనే ‘మెటాల్డర్’, ‘స్పీల్‌బన్’ పోరాటాలతో ‘వీఆర్ ట్రూపర్స్’ తీశారు. ఒకే ముడిసరుకును పరదేశం చేర్చడానికి ఇవి రెండు దారులు. ఆలమో గొంతు మార్చి ముఖాన్ని ఉంచింది. సబాన్ ముసుగును ఉంచి ముఖాలను మార్చింది. రెండోదానికి డబ్బు ఎక్కువ వచ్చింది, అది ప్రపంచమంతా తిరిగింది. కానీ జపాన్ పిల్లవాడు, జపాన్ వీధి, జపాన్ తల్లి అందులోంచి మాయమయ్యారు. బ్రెజిల్ పిల్లలకు 1988లో దక్కినది ఇదే: భూమికి అవతలి వైపు ఉన్న ఊరు తమ భాషలో మాట్లాడడం. నా మొగ్గు ఏ వైపో చెప్పనక్కర్లేదు.

మాంషెచి 1994లో ‘సెయింట్ సెయా’ యానిమేషన్‌తో మరోసారి దేశాన్ని ఊపింది, 1999లో అప్పుల్లో మూతపడింది.

తర్వాత మిగిలినవి

ఛానెల్ పోయింది, ఆలమో స్టూడియో కూడా 2011లో మూతపడింది, లీబెరో మిగెల్ చాలా ముందే 1989లో చనిపోయారు. పోర్చుగీసు ట్రాకులు మాత్రం మిగిలాయి. తర్వాత డీవీడీలు వచ్చాయి. హక్కులు సాటో కంపెనీకి చేరాక జాస్పియన్ ఆన్‌లైన్‌లోకి వచ్చాడు. 2020లో బ్యాండ్ (పైన చెప్పిన బాండెయిరాంటెస్) ఛానెల్ జాస్పియన్, చేంజ్‌మాన్, జిరాయియాలను మళ్లీ ప్రసారం చేసింది. అభిమానులకు కావలసింది 1980ల నాటి ఆ గొంతులే. కొత్త డబ్బింగ్ ఎంత శుభ్రంగా చేసినా వాళ్లకు అది జాస్పియన్ కాదు.

దీన్ని చదివాక నా ఒప్పందాల్లో కొన్ని అడుగుతున్నాను. మొదటి భాగం మాటలు రాసే ముందు చివరి భాగం చూపించమంటున్నాను, జోస్యం ఎక్కడ తేలుతుందో తెలియకుండా దాని మొదటి వాక్యం రాయలేం కాబట్టి. ప్రతి భాగంలో తిరిగొచ్చే పిలుపుల పట్టిక ఒకటి తయారుచేసి, నా తర్వాత ఎవరు రాసినా దాన్నే వాడాలని రాయించుకుంటున్నాను. మిక్సింగ్‌కు ముందున్న విడి తెలుగు ట్రాకు ఎవరి దగ్గర, ఎన్నాళ్లు భద్రంగా ఉంటుందని అడుగుతున్నాను. ఈ చివరి ప్రశ్నకు నిర్మాతల దగ్గర తరచుగా జవాబు ఉండదు. అయినా అడుగుతూనే ఉంటాను.

2020లోనే సావో పాలో ప్రచురణ సంస్థ జె.బి.సి. ‘ఓ హెగ్రెసు ద జాస్పియన్’ అనే మాంగాను (జపాన్ తరహా బొమ్మల కథను) విడుదల చేసింది. జాస్పియన్ తిరిగిరాక అని అర్థం. తోయె అనుమతితో వచ్చిన ఆ పుస్తకాన్ని ఫాబియో యాబు రాశారు, మిషెల్ బోర్జెస్ గీశారు. ఇద్దరూ బ్రెజిల్‌వాళ్లే. జపాన్‌లో 1986లో ముగిసిన కథకు తరువాయి భాగం పోర్చుగీసులో పుట్టింది. దాన్ని చదవాలనుకునే జపాన్ అభిమానికి ఇప్పుడు అనువాదకుడు కావాలి.